చెక్క టగ్గుల దారిలో ఐదు రోజులు

రెండో ప్రపంచయుద్ధం, అమెరికా ఓడలు అనగానే 2,710 లిబర్టీ సరుకు ఓడలు గుర్తొస్తాయి. ఇనుమంతా వాటికే, పెద్ద యార్డులన్నీ వాటికే. కానీ ఓడలెన్ని ఉన్నా, వాటిని లాగే, తోసే చిన్న బలమైన ఓడ, టగ్గు లేనిదే రేవులో పని సాగదు. ఇంజను లేని సరుకు పడవను, అంటే బార్జీని లాగాలన్నా, దెబ్బతిన్న ఓడను ఒడ్డుకి చేర్చాలన్నా టగ్గే కావాలి. అందుకని అమెరికా సైన్యం, అంతవరకూ చేపల పడవలు కట్టుకుంటున్న చిన్న చెక్క యార్డులకు సముద్రపు టగ్గుల పని అప్పగించింది. వాషింగ్టన్ రాష్ట్రంలో ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ చుట్టూ ఆ పని ఆనవాళ్లు, ఆ చేతిపని ఇప్పటికీ ఉన్నాయి. సియాటిల్, బెల్వ్యూ, రెడ్మండ్ వైపు తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. చుట్టాలొస్తే స్పేస్ నీడిల్, స్నోక్వాల్మీ జలపాతం చూపించి పంపేస్తారు. చెక్కపని మీద ఆసక్తి ఉన్న చుట్టం వస్తే మాత్రం ఈ ఐదు రోజుల దారి పట్టించాలి.

దారి వరస వేరు, ఓడ కట్టే వరస వేరు. అందుకని ఇక్కడ కొన్ని పనులు వెనకవి ముందు, ముందువి వెనక వస్తాయి. వరస ఎలా ఉన్నా కళ్లు వెతకాల్సింది ఒక్కటే: నీటి దారి. అదీ సముద్రపు నీరు కాదు, వాన నీరు. చెక్క టగ్గు సముద్రానికి తట్టుకునేలా కడతారు, తీరా అది డెక్కు (ఓడ పైనేల) మీద పడ్డ వానకి లొంగిపోతుంది.

మొదటి రోజు: లేక్ యూనియన్

సియాటిల్ నడిబొడ్డున లేక్ యూనియన్ దక్షిణపు ఒడ్డున పార్కు, దాన్ని ఆనుకునే పాత ఓడల రేవు. ఓడ ఎక్కనిచ్చే రోజులు మారుతుంటాయి కాబట్టి ముందే కనుక్కుని వెళ్లాలి. ఇక్కడ మొదట చూడాల్సింది ఆర్థర్ ఫాస్. 1889లో పోర్ట్‌లండ్‌లో వల్లోవా అనే పేరుతో కట్టిన చెక్క టగ్గు, పొడవు దాదాపు 110 అడుగులు. యుద్ధం కోసం కట్టింది కాదు గానీ యుద్ధంలో పనిచేసింది. 1941 చివర్లో పసిఫిక్ నడుమనున్న వేక్ ద్వీపం నుంచి బయలుదేరి వస్తుండగా పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది. ఆ తర్వాత నౌకాదళం దీన్ని తీసుకుంది.

ఇంజను గది దగ్గర తొందరపడకూడదు. 1934లో ఆవిరి యంత్రం తీసేసి వాషింగ్టన్ ఐరన్ వర్క్స్ వారి 700 అశ్వశక్తి డీజిల్ పెట్టారు. మనిషికంటే ఎత్తు. దీనికి గేరుబాక్సు లేదు, ఇరుసు నేరుగా ప్రొపెల్లర్‌కి వెళుతుంది. వెనక్కి రావాలంటే ఇంజను పూర్తిగా ఆపి, వాల్వులు తెరిచే కామ్‌షాఫ్ట్‌ను పక్కకి జరిపి, ట్యాంకుల్లో నిల్వ ఉన్న గాలితో దాన్ని తిరగేసి తిప్పాలి. తిప్పిన ప్రతిసారీ గాలి తగ్గుతుంది. పైన కెప్టెన్ కంగారుపడి ముందుకీ వెనక్కీ వరసగా గంట కొట్టాడంటే కంప్రెసర్ గాలి నింపే లోపే ట్యాంకు ఖాళీ అవుతుంది, ఇంజను ఇక అందుకోదు. టగ్గు తిన్నగా పోయి రేవుకి గుద్దుకుంటుంది. డైరెక్ట్ రివర్స్ ఇంజనున్న టగ్గుకి మంచి కెప్టెన్ ఎవరంటే తక్కువ గంటలు కొట్టేవాడు.

రేవు పక్కనే ఉన్న మోహై మ్యూజియంలోకి వెళితే నేలను, పైకప్పును చీల్చుకుని నిలబడ్డ 65 అడుగుల చెక్క శిల్పం కనిపిస్తుంది. అది వవోనా అనే ఓడ కలప. 1897లో కాలిఫోర్నియాలో కట్టిన మూడు కొయ్యల తెరచాప ఓడ. కలప మోసింది, బేరింగ్ సముద్రంలో కాడ్ చేపలు పట్టింది, యుద్ధంలో సైన్యం చేతిలో బార్జీగా మారి టగ్గు వెనక నడిచింది. చివరికి చాలా ఏళ్లు ఈ చెరువులోనే ఉండి ఎంత పుచ్చిందంటే, 2009లో విడగొట్టడం తప్ప దారి లేకపోయింది.

ఉప్పు సముద్రంలో అర్ధశతాబ్దం పనిచేసిన ఓడ మంచినీటి చెరువులో ఎందుకు పుచ్చుతుంది? చెక్కను పుచ్చించేది బూజు. దానికి తేమ కావాలి, గాలి కావాలి, ఉప్పు ఉండకూడదు. పూర్తిగా నీట మునిగిన చెక్కకు గాలి అందదు, అది బాగానే ఉంటుంది. ఎండిన చెక్కకు తడి లేదు, అదీ బాగానే ఉంటుంది. ఈ రెంటికీ మధ్య తడిసీ తడవని చెక్క ఉంటుంది చూశారా, డెక్కు కింద దూలాల కొసలు, పలకలను పట్టి ఉంచే పక్కటెముకల తలలు, రెండు కర్రలు కలిసే సందులు, చావు అక్కడ మొదలవుతుంది. పనిచేసే ఓడ డెక్కుని రోజూ సముద్రమే ఉప్పునీటితో కడుగుతుంది. కట్టేసిన ఓడ మీద సియాటిల్ వాన కురుస్తుంది. పాత ఓడల వాళ్లకి ఇది తెలుసు కాబట్టే పక్కటెముకల మధ్య ఖాళీల్లో రాతి ఉప్పు దట్టించేవారు. ఆవకాయ జాడీ కిటుకే.

రెండో రోజు: కెన్నీడేల్

రెంటన్ ఊళ్లో, లేక్ వాషింగ్టన్ తూర్పు ఒడ్డున కెన్నీడేల్. యుద్ధకాలంలో ఇక్కడ బార్బీ మెరైన్ యార్డ్స్ సైన్యానికి మికి తరగతి అనే ఒకే నమూనా టగ్గులు కట్టింది. ఇదే పేరుతో కలప కోత మిల్లు చాలాకాలం నడిచింది. ఇప్పుడు వెళితే మే క్రీక్ వాగు చెరువులో కలిసే చోట వరసగా కొత్త ఇళ్లు, పక్కన సీహాక్స్ ఫుట్‌బాల్ జట్టు సాధన మైదానం. యార్డు అనేందుకు ఒక్క గుంజ కూడా మిగల్లేదు. అయినా రావాలి, ఎందుకంటే యార్డు ఇక్కడే ఎందుకు పెట్టారో నేలను చూస్తే తెలుస్తుంది: చెరువు వైపు సన్నటి వాలు, వెనక రైలు దారి, దుంగలు నీటి మీద తేల్చి తెచ్చుకునే వీలు. దక్షిణంగా కొద్ది దూరంలో బోయింగ్ రెంటన్ కర్మాగారం. అక్కడ అల్యూమినియం బీ-29 బాంబర్లు, ఇక్కడ బాడిశలతో చెక్కిన టగ్గులు, రెండూ ఒకే యుద్ధానికి, ఒకే చెరువు ఒడ్డున.

ఆ తొందర మనకీ తెలియనిది కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. రెండు నెలలు తిరక్కుండా జూన్ మొదట్లో అలాస్కాలో డచ్ హార్బర్ మీద వేశాయి. అలాస్కాకు, పసిఫిక్ దీవులకు సరుకంతా బార్జీల మీద పోవాలి. మికి టగ్గులు అరవై దాకా పడమటి తీరమంతా ఇలాంటి యార్డుల్లో తయారయ్యాయి. ఒక్కోటి 126 అడుగుల పొడవు, 28 అడుగుల వెడల్పు.

పని ఓడ దగ్గర కాదు, నేల మీద మొదలవుతుంది. డిజైనర్ పంపేది ఒక అంకెల పట్టిక. అందులో 12-6-4 అని ఉంటే 12 అడుగుల 6 అంగుళాల 4 ఎనిమిదోవంతులు అని చదువుకోవాలి. ఆ కొలతలతో రంగువేసిన పెద్ద చెక్కనేల మీద ఓడను అసలు సైజులో గీస్తారు. పక్క నుంచి, పై నుంచి, ఎదుటి నుంచి, మూడు చూపులూ ఒకదాని మీద ఒకటి. ఏ బిందువైనా మూడింటిలోనూ ఒకే కొలత చూపాలి. సన్నటి పొడవాటి బద్దను మేకుల మధ్య వంచి గీత గీస్తారు. బద్ద దానంతటది ఒప్పుకోని చోట అంకె తప్పు. ఇక్కడ పావు అంగుళం వదిలేస్తే రేపు అది పలక మీద గుంటగానో బుడిపెగానో బయటపడుతుంది. అప్పుడు సరిచేయాలంటే ఒక్కో పక్కటెముకనూ బాడిశతో చెక్కుకుంటూ పోవాలి. వరసగా ఒకే రకం టగ్గులు కట్టడంలో యార్డుకి దొరికిన పెద్ద లాభం ఇదే: గీత ఒక్కసారి, పలుచటి చెక్క అచ్చులు ఒక్కసారి, తర్వాతి ఓడలన్నిటికీ అవే.

మన దగ్గర పక్కటెముకకి తుమ్మ వంపు చూసి కొడతారు. కర్రలో ఎలాగూ వంపు ఉంది. ఇక్కడి డగ్లస్ ఫర్ చెట్టు కొవ్వొత్తిలా నిటారు. అందులో వంపు వెతికితే దొరకదు. అందుకని పక్కటెముకను చిన్న ముక్కలుగా కోసి రెండు వరసలుగా పేర్చి బోల్టులు బిగిస్తారు. ఇటుకల గోడలో లాగే, ఒక వరస అతుకు మీద రెండో వరస ముక్క నడుమ రావాలి. సుమారు రెండడుగులకొక పక్కటెముక, అంటే 126 అడుగులకు అరవై జతల దాకా. పైగా ప్రతిదాని బయటి ముఖం వేరే వాలులో కోయాలి. ఓడ నడుమన ఆ ముఖం దాదాపు సూటిగా ఉంటుంది, కొసలకు పోయేకొద్దీ వాలు పెరుగుతుంది. ఒకే ముక్కలో కూడా పైనొక వాలు, కిందొక వాలు. ఓడల రంపం ప్రత్యేకత అదే: కోత నడుస్తుండగానే రంపం వాలు మారుతుంది. ఒకడు కర్రను తోస్తుంటే ఇంకొకడు అచ్చు మీద రాసి ఉన్న డిగ్రీలు చూసి చక్రం తిప్పుతాడు. వాలు ఎక్కువ కోస్తే పలక పక్కటెముక అంచుకి మాత్రమే ఆనుతుంది. ఆ సందులో చీలిక చెక్క దూర్చి సరిపెట్టే వాళ్లున్నారు. ఆ చీలిక వెనక నీరు నిలుస్తుంది. పదేళ్లకు ఆ పక్కటెముకలో గోరు గుచ్చితే దిగుతుంది.

ఇక కీల్, అంటే ఓడ అడుగున వెన్నెముకలా పోయే దూలం. అంత పొడవు చేవ కర్ర ఒక్కటే దొరకదు, రెండు మూడు దూలాలు అతకాలి. ఏటవాలు అతుకు పొడవు దూలం లోతుకు ఆరు రెట్లు అనుకోండి. 14 అంగుళాల కీల్‌కి ఏడు అడుగుల అతుకు. ముక్కాలు అంగుళం బోల్టుకి రంధ్రం పదహారోవంతు అంగుళం తక్కువగా బరమాతో వేసి, సమ్మెటతో దించుతారు. రంధ్రం మరీ బిగువైతే పైనున్న జింకు పూత గీసుకుపోతుంది, కర్ర చీలుతుంది. వదులైతే బోల్టు పట్టదు, దాని వెంటే నీరు దిగుతుంది.

ఈ అతుకు దగ్గరే స్టాప్‌వాటర్ అనే చిన్న ముక్క ఉంటుంది. పెన్సిలు కంటే కొంచెం లావు, ఎండిన మెత్తటి సెడార్ పుల్ల. సంగతేమిటంటే, పలకల సందుల్లో నార దట్టించగలం, కీల్ అతుకు లోపలి భాగంలో దట్టించలేం. నీరు బయట అతుకులో దూరి, దాని వెంటే పాకి, పలక వెనక నుంచి లోపలికి వస్తుంది. దాన్ని అడ్డుకోవడానికి అతుకు గీత, పలక అంచు కూర్చునే గాడిని దాటే చోట, సరిగ్గా ఆ గీత నడి మీద, కీల్‌కి అడ్డంగా ఈ పక్క నుంచి ఆ పక్కకి రంధ్రం వేసి ఎండు పుల్ల దిగేస్తారు. సగం పుల్ల పై దూలంలో, సగం కింది దూలంలో. తడవగానే అది ఉబ్బి దారి మూసేస్తుంది. రంధ్రం అంగుళం బయటికి పడితే నార పట్టే గీతకి అవతల ఉంటుంది, అంగుళం లోపలికి పడితే నీరు దానికి ముందే పక్కకి తిరిగి పోతుంది. రెండు సందర్భాల్లోనూ పుల్ల ఉన్నా లేనట్టే. పలకలు వేశాక ఇది కనిపించదు. మర్చిపోతే ఓడ నీట దిగిన రాత్రి అడుగున నీరు చేరుతుంది. ఎక్కణ్నించి వస్తోందో ఎవరికీ అంతుపట్టదు, మంచి సందులనే మళ్లీ మళ్లీ కూరుతుంటారు. అణాపైసల పుల్ల, ఓడను మళ్లీ గట్టెక్కించే ఖర్చు.

సాయంత్రం జీన్ కూలన్ పార్కులో కూర్చుంటే ఈ ఒడ్డంతా కనిపిస్తుంది. 1916లో కాలువ తవ్వకంతో ఈ చెరువు మట్టం తొమ్మిది అడుగుల దాకా పడిపోయింది. ఆ కాలువ లేకపోతే ఇక్కడ కట్టిన టగ్గు చెరువులోనే తిరగాల్సి వచ్చేది.

మూడో రోజు: బాలార్డ్

కెన్నీడేల్‌లో నీట దిగిన టగ్గు మాంట్‌లేక్ కోత అనే కాలువ దాటి, లేక్ యూనియన్ గుండా బాలార్డ్ లాకుల దగ్గరికి వచ్చి, అక్కణ్నించి ఉప్పునీటిలో దిగుతుంది. లాకులు 1917 నుంచి నడుస్తున్నాయి. పెద్దది 825 అడుగుల పొడవు, 80 అడుగుల వెడల్పు. పిల్లలకి సాల్మన్ చేపల నిచ్చెన, పెద్దలకి లాకు గోడ పక్కన నిలబడి తాళ్ల పని చూడటం. ఒక చిన్న లెక్క: ఉప్పునీరు మంచినీటికంటే రెండున్నర శాతం బరువు. చెరువులో 12 అడుగుల లోతు మునిగిన టగ్గు లాకు దాటాక రెండు మూడు అంగుళాలు పైకి తేలుతుంది. నీటిగీత రంగు చెరువులో చూసి వేసినవాడు సముద్రంలో చూసుకుని నాలిక కరుచుకుంటాడు.

మికి తరగతి మూలం కూడా బాలార్డే. 1929లో హోనోలులులోని యంగ్ బ్రదర్స్ కోసం లీ కూలిడ్జ్ డిజైన్‌తో ఇక్కడి బాలార్డ్ మెరైన్ రైల్వే యార్డు మికిమికి అనే టగ్గు కట్టింది. హవాయి భాషలో ఆ మాటకు చురుకైనది అని అర్థం. అప్పటికే సముద్రంలో నిరూపించుకున్న డిజైన్ కాబట్టి సైన్యం కొత్తది గీయించకుండా దాన్నే తీసుకుని మార్పులు చేసుకుంది. యుద్ధంలో తీసుకున్న తెలివైన నిర్ణయాల్లో ఇదొకటి. కొన్నిటికి ఒకే పెద్ద డీజిల్, కొన్నిటికి రెండు.

అన్నేసి టన్నుల ఇంజనును చెక్క మీద కూర్చోబెట్టడం మాటలు కాదు. మొదట ఇరుసు దారి వెంట ఈ చివర నుంచి ఆ చివరకి సన్నటి పియానో తీగ బిగించి కట్టి, దాని చుట్టూ కొలుచుకుంటూ వెనక దూలంలో పొడవాటి బోరింగు కడ్డీతో రంధ్రం తొలుస్తారు. పొడవు ఎక్కువైతే తీగ దాని బరువుకే నడుమన కాస్త కిందికి వాలుతుంది, ఆ వాలు కూడా లెక్కలో తీసేయాలి. ఇరుసు బయటికి వచ్చే చోట బేరింగు లోహం కాదు, చెక్క! లిగ్నమ్ వైటే, నీట వేస్తే మునిగే కర్ర. లోపలి జిడ్డుకి సముద్రపు నీరు తోడై ఇరుసు నునుపుగా తిరుగుతుంది.

ఒడ్డున ఎంత సూటిగా పెట్టినా నీట దిగాక చెక్క ఓడ ఆకారం మారుతుంది. నడుమ భాగాన్ని నీరు పైకి తోస్తుంది, తోపు తక్కువున్న రెండు కొసలూ కొంచెం జారతాయి. ఒడ్డునే ఇంజనునీ ఇరుసునీ కలిపే కప్లింగు బిగించి సంబరపడితే మొదటి ప్రయాణంలో బేరింగు కాలుతుంది. పద్ధతి ఏమిటంటే: బోల్టులు వదులుగా ఉంచి నీట దించాలి, ఇంధనం, నీరు నింపాలి, కొన్ని రోజులు కుదురుకోనివ్వాలి. అప్పుడు కప్లింగు రెండు ముఖాల మధ్య సన్నటి రేకుల ఫీలర్ గేజితో పైన, కింద, కుడి, ఎడమ కొలవాలి. నాలుగు చోట్లా తేడా అంగుళంలో వెయ్యోవంతులు మూడు నాలుగు దాటకూడదు. దాటితే ఇంజను కింద రేకులు మార్చుకుంటూ మళ్లీ మొదలు.

నాలుగో రోజు: పోర్ట్ టౌన్సెండ్

సియాటిల్ నుంచి బెయిన్‌బ్రిడ్జ్‌కి ఫెర్రీలో 35 నిమిషాలు. తర్వాత హుడ్ కెనాల్ మీద తేలే వంతెన దాటి ఉత్తరానికి పోవాలి. 1979 తుఫానులో దీని పడమటి సగం మునిగింది. వారాంతం ఉదయం ఫెర్రీ వరస పొడుగ్గా ఉంటుంది, పెందలాడే బయలుదేరాలి.

చెక్క ఓడల పని ఇంకా బతుకుతెరువుగా ఉన్న ఊరిది. ఇక్కడి యార్డులో బాగుచేసిన వాటిలో పేరున్నది వెస్టర్న్ ఫ్లయర్, 1937లో టకోమాలో కట్టిన 77 అడుగుల చేపల ఓడ. రెండుసార్లు మునిగి బురదలో ఉన్నదాన్ని ఏళ్ల తరబడి పనిచేసి నిలబెట్టారు. దగ్గర్లో పోర్ట్ హాడ్లాక్‌లో 1981లో పెట్టిన చెక్క పడవల బడి ఉంది. యుద్ధం నాటి టగ్గుకి పలకలు ఎలా వేసేవారో ఈ ఊరి యార్డు అంచున నిలబడి చూడొచ్చు. పని మారలేదు. పనివాళ్ల దారికి అడ్డు రాకుండా నిలబడాలి, ఆవిరి పెట్టె తలుపు తెరిచేటప్పుడు అసలు ఎవరినీ పలకరించకూడదు.

మూడు అంగుళాల మందం, పది అంగుళాల వెడల్పు, నలభై అడుగుల పొడవున్న పచ్చి ఫర్ పలక 8.3 ఘనపుటడుగులు, దాదాపు 145 కిలోలు. అంగుళం మందానికి గంట చొప్పున మూడు గంటలు ఆవిరి పెట్టాలి. బయటికి తీశాక అది మాట వినేది ఒకటి రెండు నిమిషాలు. ఆ లోపు ఆరేడుగురు దాన్ని మోసి ముందు కొస గాడిలో కూర్చోబెట్టి, క్లాంపులు ఒకదాని తర్వాత ఒకటి బిగించుకుంటూ వెనక్కి పోవాలి. వంగడం కంటే మెలి తిరగడం కష్టం. అడుగు పలక ముక్కు దగ్గర నిలువుగా, నడుమన దాదాపు అడ్డంగా ఉంటుంది. విరిగితే ఎక్కువగా అక్కడే, అదీ కణుపు ఉన్న చోట. బట్టీలో ఎండబెట్టిన కలప ఆవిరికి సరిగా లొంగదు, పచ్చిది బాగా లొంగుతుంది. యుద్ధంలో పచ్చిది వాడటం వెనక తొందర ఒక్కటే లేదు, ఈ సుఖమూ ఉంది.

కింది నుంచి, పై నుంచి పలకలు వేసుకుంటూ వచ్చి నడుమన కలుపుతారు. చివరి పలకకి ఖాళీ అన్ని వైపులా ముందే ఖరారై ఉంటుంది కాబట్టి అది అంగుళం పదహారోవంతు తేడా లేకుండా పట్టాలి. అది పట్టిన రోజు సీసా తెరవడం ఆనవాయితీ. పలక కొసలు అతికే చోట్లకి నియమం ఉంది: ఒకే పక్కటెముకల సందులో రెండు అతుకులు రావాలంటే వాటి మధ్య కనీసం మూడు పూర్తి పలకలుండాలి, పక్కపక్క పలకల అతుకులు ఐదడుగులైనా దూరంగా ఉండాలి. తొందరలో పొట్టి పలకలే దొరికినప్పుడు మొదట మీరేది ఈ నియమాన్నే.

ఇప్పుడు నార దట్టించడం. రెండు పలకల మధ్య సందు లోపలి వైపు బిగువుగా, బయటి వైపు వెడల్పుగా ఉండాలి. మూడు అంగుళాల పలకకి బయట సుమారు మూడు పదహారోవంతుల అంగుళం. మొదట దూది పోగు ఒకటి, దాని మీద తారు పట్టించిన నార రెండు మూడు వరసలు. నారను సందులోకి తిన్నగా పొడవుగా దూర్చరు. చిన్న చిన్న మడతలు వేస్తూ ఇనుముతో తోస్తారు. ఆ మడతల సైజు మార్చి సందు వెడల్పుకి తగ్గ నార పెట్టడమే పనితనం. సుత్తి తల చెక్కది, దానికి ఇనుప కట్లు, మధ్యలో చీలిక. ఆ చీలిక వల్ల దెబ్బ దెబ్బకీ గంటలా మోగుతుంది. నార కూర్చున్న కొద్దీ మోత మారుతుంది. మంచి పనివాడు సందు వైపు చూడనక్కర్లేదు, చెవితో పని నడుపుతాడు. ఆ మోత ఒక్కసారి దగ్గర నుంచి విని, తర్వాత యాభై అడుగుల దూరం పోయి వినండి. ఎక్కడ గట్టిపడిందో మీకే తెలుస్తుంది.

తప్పులు రెండు రకాలు. మెత్తగా కొడితే నార కదిలిపోతుంది, కారుతుంది. ఎండిన పలకల్లో మరీ గట్టిగా కొడితే నీటిలో పలకలు ఉబ్బినప్పుడు చోటు లేక మేకులు ఊడదన్నుతాయి, పక్కటెముకలే చిట్లుతాయి. పచ్చి పలకలైతే కథ తిరగబడుతుంది. ఎండాకాలమంతా గట్టున ఉంటే పలక ఎండి కుంచించుకుపోయి, సరిగ్గా కూరిన సందు కూడా నోరు తెరుస్తుంది. నీట దించే ముందు మళ్లీ కూరాలి. సందు లోపలి వైపు కూడా తెరుచుకుని ఉంటే ఇంకా ఘోరం, కొట్టిన నార కొట్టినట్టు ఓడ లోపలికి పోయి పడుతుంది.

మేకు తలలు లోతుగా దించి వాటి మీద చెక్క బిరడా వేస్తారు. బిరడా చెక్క పోగుల గీత పలక చెక్క పోగుల గీతతో ఒకే వైపు ఉండాలి. అడ్డంగా పెడితే చెక్కేటప్పుడు పుల్ల లేచి లోపల గుంట పడుతుంది, ఆ గుంటలో మళ్లీ వాన నీరు.

అడుగున కీల్‌కి ఇంకో పలుచటి పలక తొడుగుతారు. దీన్ని ఓడకి చెప్పు అనుకోవచ్చు. మధ్యలో తారు పూసిన ఫెల్టు. సముద్రంలో చెక్కను తొలిచే టెరిడో పురుగు ఒక కర్ర నుంచి పక్క కర్రలోకి దాటదు. చెప్పును తింటుంది, కీల్‌ని వదిలేస్తుంది. ఏళ్లకొకసారి చెప్పు మార్చుకుంటే చాలు.

ఐదో రోజు: టకోమా

టకోమాలో థియా ఫాస్ జలమార్గం ఒడ్డున, 1900 నాటి గోధుమల గిడ్డంగిలో ఉన్న మ్యూజియం. 1889లో ఇక్కడ తెడ్డు పడవలు అద్దెకిచ్చే వ్యాపారం మొదలుపెట్టిన నార్వే దంపతులైన ఫాస్ వాళ్ల కంపెనీ, తర్వాత ఈ తీరంలో టగ్గులకు మారుపేరైంది. యుద్ధం అయ్యాక సైన్యం అమ్మేసిన మికి టగ్గుల్లో కొన్నిటిని ఫాస్ వాళ్లు కొనుక్కుని నడిపారు.

టగ్గు పని అర్థం కావాలంటే వెనక డెక్కు మీద మోకు కట్టే గుంజ ఎక్కడుందో చూడాలి. అది చిట్టచివర ఉండదు, ఓడ నడుమకి కొంచెం వెనకగా ఉంటుంది. చివర కడితే బార్జీ బరువు టగ్గు వెనక భాగాన్ని పట్టి ఉంచుతుంది, చుక్కాని ఎంత తిప్పినా ముక్కు తిరగదు. నడుమన కడితే తిరుగుతుంది. కానీ అందులో ప్రమాదమూ ఉంది: మోకు పక్కకి వచ్చి అడ్డంగా లాగితే టగ్గు ఒరిగిపోతుంది, క్షణాల్లో బోర్లా పడుతుంది. అందుకే మోకు వదిలేసే మీట చేతికి అందేలా ఉంచుతారు.

అప్పట్లో మోకు మనీలా నారది. ఆ నార పండేది ఫిలిప్పీన్స్‌లో. 1942లో జపాన్ ఆ దీవుల్ని పట్టుకోగానే సరఫరా ఆగింది. తీగ తాళ్లు, సిసల్ మోకులు దాని చోటు తీసుకున్నాయి. తీగకి మనీలా సాగుడు లేదు. అల ఒకటి టగ్గుని ఎత్తి, ఇంకోటి బార్జీని దించితే కుదుపంతా గుంజ మీదే పడుతుంది. దానికి విరుగుడు పొడవు: చాలా దూరం వదిలితే తీగ దాని బరువుకే నీటిలో వేలాడి కుదుపు మింగేస్తుంది. లోతు తక్కువున్న చోట అదే తీగ అడుగు రాళ్లకి రాసుకుంటుంది, కుదించాలి. వెనక అంచు మీద రాసుకునే చోట కొన్ని గంటలకోసారి నాలుగైదు అడుగులు వదిలి, గ్రీజు పూసి, అరిగే చోటు మార్చాలి. బద్ధకించిన కాపలావాడి చేతిలోనే ఎక్కువ తీగలు తెగాయి.

ఎక్కడైనా పాత చెక్క టగ్గు కనిపించి, ఎక్కే అనుమతి దొరికితే బతికుందో లేదో పరీక్షించే వరస ఇది. సుత్తి ఒకటి, సన్నటి కొసగల ములుకు ఒకటి చాలు. నీటిగీత కింద వెతుక్కుంటూ కూర్చోవద్దు, ముందు పైన చూడాలి. డెక్కు అంచున పక్కటెముకల తలలు పైకి వచ్చే చోటు, కేబిన్ గోడ డెక్కుని తాకే గీత, వెనక కొస వంపు లోపలి భాగం. సుత్తితో తట్టితే మంచి చెక్క ఖంగుమంటుంది, పుచ్చింది తడి మట్టిని కొట్టినట్టు మూగగా పలుకుతుంది. మూగగా పలికిన చోట ములుకు కొస గుచ్చి చూడాలి. పైకి పావు అంగుళం గట్టిగా ఉండి తర్వాత వెన్నలో దిగినట్టు దిగితే రంగు కింద చెక్క ఎప్పుడో పోయింది. తర్వాత లోపలికి దిగి వాసన చూడాలి. డీజిల్, ఉప్పు, తారు వాసన వస్తే పర్వాలేదు. వాన కురిసిన అడవిలో పుట్టగొడుగుల వాసన వస్తే ఆ పక్క పలక ఊడదీసి చూడకుండా బేరం మాట్లాడకూడదు.